జాడీలో బిట్రగుంట

అపెండిక్స్ తియ్యబోయి పొరపాటున బాల్యం తీసేసిన కేసులు ఆ ఏడాది జిల్లాలో మూడు నమోదయ్యాయి. వాటిలో పెంచలయ్యది రెండోది. వైద్యం తెలిసినవాళ్ళు దీన్ని వింతగా ఏమీ చెప్పుకోరు. బాల్యం అపెండిక్స్‌కు నాలుగు వేళ్ళ ఎడంలోనే ఉంటుంది. రెంటి రంగూ ఒకటే. మనిషి పెద్దయ్యాక రెండూ దేనికీ పనికిరావని పాఠ్యపుస్తకాల్లోనే రాసి ఉంది. లైటు కాస్త మసకగా ఉన్నా, డాక్టరుగారికి ఆ పూట ఇంకో రెండు ఆపరేషన్లు మిగిలి ఉన్నా, కత్తి అటు జరగడానికి ఎంతసేపు పడుతుంది?

పెంచలయ్యకు యాభై ఆరేళ్ళు. టౌన్లో మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే కొట్టు ఉంది. భార్య పోయాక అక్క కామాక్షమ్మ ఇంటికి వచ్చేశాడు. ఆమె జాకెట్లు కుడుతుంది. ఆమెకూ వెనకా ముందూ ఎవరూ లేరు. ఒకనాటి పొద్దున పెంచలయ్య కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోతుంటే, ఇది ఇరవై నాలుగ్గంటల నొప్పేనని పక్కింటివాళ్ళు తేల్చారు. ఆటో ఎక్కించి బస్టాండు దగ్గర నర్సింగ్ హోముకు తీసుకుపోయింది కామాక్షమ్మ.

మన నర్సింగ్ హోముల్లో ఒక మర్యాద ఉంది. ఆపరేషన్ అయ్యాక లోపలినుంచి తీసినదాన్ని ట్రేలో పెట్టి బయట కాచుకున్న మనిషికి చూపిస్తారు. పుచ్చు లేదని నమ్మించడానికి కూరగాయలవాడు వంకాయ కోసి చూపించినట్టే ఇదీను. చూసేవాళ్ళు పుట్టి బుద్ధెరిగి అపెండిక్స్ ముఖం చూసి ఉండరు. అయినా ఒకసారి వంగి చూసి, తల ఊపుతారు. ఊపకపోతే డాక్టరుగారు ఏమనుకుంటారోనని భయం. కామాక్షమ్మ ముందుకూ ఆ ట్రే వచ్చింది. బూడిదరంగులో తడితడిగా ఏదో ఉంది. దాన్నుంచి బొగ్గు పొగ వాసన, వెనకాలే గంజి వాసన వచ్చాయి. ఆమెకు గుండెలో ఎక్కడో కలుక్కుమంది. పొద్దుట్నుంచి ఏమీ తినలేదు గనక అలా అయ్యుంటుందని సరిపెట్టుకుంది. చూశారు గదా అని డాక్టరుగారు అడిగితే చూశానండీ అని తల ఊపింది.

నొప్పి తగ్గలేదు. తగ్గాల్సింది లోపలే ఉంది గనక తగ్గదు కూడా. వారం తిరక్కుండా నెల్లూరులో ఇంకో ఆసుపత్రివాళ్ళు అపెండిక్స్ తీసి, ఇక్కడ ఉండాల్సింది ఇంకోటి లేదేమిటని అడిగారు. అప్పటికే ఇంట్లో తేడా తెలిసిపోయింది. సాయంత్రం గూడ్సు బండి పోతుంటే కామాక్షమ్మ అలవాటు ప్రకారం నాయన గుర్తొస్తున్నాడని అంది. పెంచలయ్య తలుపు సందులోంచి బండిని చూసి, అందులో ఎవరొస్తున్నారని అడిగాడు. హైస్కూల్లో చేరినప్పటినుంచి జరిగినవన్నీ అతనికి జ్ఞాపకం ఉన్నాయి. అంతకు ముందుది ఏదీ లేదు. ఆమెను అక్కా అని పిలుస్తూనే ఉన్నాడు గానీ, ఆ పిలుపు రేషన్ కార్డు చూసి పిలిచినట్టు ఉంది.

కామాక్షమ్మను కుదిపేసింది ఒక్కటే సంగతి. పెంచలయ్య పదో ఏటనే వాళ్ళమ్మ పోయింది. ఆవిడ ఫోటో కూడా దిగలేదు. నాయన పోయి చాలా కాలమైంది. బిట్రగుంట రైల్వే కాలనీలో ఆ రోజుల్లో ఇరుగూ పొరుగూ ఉన్నవాళ్ళు తలా ఒక దిక్కుకు చెదిరిపోయారు. అమ్మ ఎలా ఉండేదో తెలిసినవాళ్ళు లోకంలో ఇద్దరే మిగిలి ఉంటే, ఇప్పుడు ఒక్కరే అయ్యారు. ఉన్న ఒక్కరూ పోతే అమ్మ పూర్తిగా పోయినట్టే. ఈ ఆలోచన వచ్చాక ఆమెకు అన్నం సయించలేదు.

నర్సింగ్ హోము మేనేజరు చాలా మర్యాదస్తుడు. అడగడానికి వెళ్ళిన కామాక్షమ్మకు కుర్చీ వేయించి, మంచినీళ్ళిచ్చి, వివరంగా చెప్పాడు. ఆపరేషన్లో తీసినవాటిని రంగు సంచుల్లో వేసి ఆసుపత్రి చెత్తబండికి అప్పగించాలి. శరీర భాగాలకు పసుపు, ప్లాస్టిక్కుకు ఎరుపు, గాజుకు నీలం. బాల్యానికి ఏ రంగో పైనుంచి ఉత్తర్వులు రాలేదు. అందుకని జాడీల్లో పోసి స్టోర్లో ఉంచారు. ఆ ఏడాది మూడు కేసులూ ఇక్కడివే గనక మూడు జాడీలున్నాయి. అయితే ఏసీ కారి చీటీలు తడిసిపోయాయి గనక ఏది ఎవరిదో పేషెంటే స్వయంగా గుర్తుపట్టాలి. ఆమె అడిగింది, గుర్తుపట్టేదానికి కావాల్సింది ఆ జాడీలోనే ఉండాది గదయ్యా అని. మేనేజరు ఒప్పుకున్నాడు. సమస్య అక్కడే ఉందన్నాడు. వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసుకొమ్మని సలహా ఇచ్చి, వాకిలిదాకా వచ్చి సాగనంపాడు.

వకీలు మస్తాన్‌రావు వినియోగదారుల కేసులు చూస్తాడు. అంతకు ముందు కేసు పగిలిన ప్రెషర్ కుక్కరుది. ఆ అనుభవంతోనే దీన్నీ పట్టాడు. కోల్పోయిన వస్తువు అన్నచోట బాల్యం, ఒకటి, వాడినది అని రాశాడు. నష్టపరిహారంగా ఎంత అడగమంటారని కామాక్షమ్మను అడిగాడు.

"డబ్బు మాకొద్దయ్యా. మా అమ్మ అందులో ఉండాది. అది ఇప్పించండి చాలు."

అలా రాస్తే కమిషన్ తీసుకోదని మస్తాన్‌రావు ఆమెను కసరకుండానే కసిరాడు. తనకు తోచిన అంకె ఒకటి వేసి, దాని కింద చిన్న అక్షరాలతో లేదా వస్తువు వాపసు అని చేర్చాడు.

నర్సింగ్ హోము తరఫు వకీలు బాగా తయారై వచ్చాడు. మొట్టమొదటిది, తీసినదాన్ని ట్రేలో చూపించాం, పేషెంటు అక్క తల ఊపింది, అది అంగీకారమే అన్నాడు. రెండోది, అసలు నష్టమే లేదన్నాడు. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా రక్తపోటు రిపోర్టులు బల్ల మీద పెట్టాడు. బాల్యం తీశాక పెంచలయ్యకు రక్తపోటు దిగింది, నిద్ర బాగా పడుతోంది, నిట్టూర్చడం మానేశాడు, పాత పాట వినబడితే రోడ్డు మీద నిలబడిపోవడం లేదు, కొట్లో రోజుకు రెండు మిక్సీలు అదనంగా బాగుచేస్తున్నాడు. ఈ రాష్ట్రంలో బాల్యం లేకుండానే పెద్ద పెద్ద పదవుల్లో నెగ్గుకొస్తున్నవారు ఎంతమందో ఉన్నారనీ, పేర్లు చెప్పమంటే చెబుతాననీ అన్నాడు. కమిషన్ పెద్దాయన పేర్లు అక్కర్లేదన్నాడు.

ఆ పెద్దాయన పెంచలయ్యను పిలిచి, ఆ వస్తువు చివరిసారి ఎప్పుడు వాడావని అడిగాడు. పెంచలయ్య నిజాయితీగా ఆలోచించి, తెలియదండి, ఉండుంటే చెప్పేవాణ్ణి అన్నాడు. జవాబు రికార్డయింది. ఇక లోపల ఏముండేదో తెలిసిన సాక్షిగా కామాక్షమ్మను పిలిచారు.

ఆమె ఎప్పుడూ మైకు ముందు మాట్లాడి ఎరగదు. మొదలుపెట్టాక మాటల్లోనే బిట్రగుంటకు పోయింది. నాయన ఆవిరింజను డ్రైవరు. ఏ డ్రైవరు కూత ఆ డ్రైవరుదే. కాలనీలో ఆడవాళ్ళకు వంటింట్లో కూచునే తెలిసిపోయేది ఎవరి మొగుడు ఊళ్ళోకి వచ్చాడో. నాయనది రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. గేటు దగ్గర అది వినబడ్డాక అమ్మ ఎసట్లో బియ్యం పోసేది. ఇంజను షెడ్డులో పెట్టి, సంతకం చేసి, నడిచి ఇంటికొచ్చేసరికి అన్నం వార్చి ఉండేది. వేళ కాని వేళ వచ్చినా చల్లన్నం పెట్టిన రోజు లేదు. పెంచలయ్య షెడ్డు వెనక బూడిద కుప్పల్లో సగం కాలిన బొగ్గులు ఏరి గోతాంలో తెచ్చేవాడు. వాడి మొహం కనబడేది కాదు, పళ్ళు కనబడేవి. అమ్మ తిట్టుకుంటూనే కుంకుడు పులుసుతో రుద్దేది. ఉతికిన చీర దండెం మీద ఆరేస్తే సాయంత్రానికి నల్లటి మసి చుక్కలు పడేవి. రైల్వేవాళ్ళు డిజైను ఉచితంగా వేసిస్తారని అమ్మ నవ్వేది. క్వార్టరు ముందు సన్నజాజి పందిరి ఉండేది. పూలు కోసి తల్లో పెట్టుకుంటే చేతివేళ్ళకు మసి, తలకు వాసన. ఆ రెండూ కలిస్తేనే ఆమెకు అమ్మ.

టైపు కొడుతున్న అమ్మాయి చేతులు ఆగిపోయాయి. నర్సింగ్ హోము వకీలు అభ్యంతరం చెప్పడానికి లేచి, మావాళ్ళదీ రైల్వేనే, డోర్నకల్లో ఉండేవాళ్ళం అని చెప్పి కూచున్నాడు. పెద్దాయన ఆ చీర ఏ రంగుదని అడిగాడు. అది కేసుకు సంబంధించిన ప్రశ్న కాదని ఆయనే గ్రహించి, వాయిదా వేశాడు.

తర్వాతి వాయిదాకు హాలు నిండింది. తమ కేసు లేకపోయినా జనం వచ్చారు. ఒకామె చిక్కుడుకాయలు తెచ్చుకుని నారలు తీసుకుంటూ వింది. కామాక్షమ్మ ఒక్కొక్క వాయిదాకు ఒక్కొక్కటి చెప్పింది. ఒక్కటి మాత్రం చెప్పలేదు. అమ్మ పోయిన రోజు జరిగినది అది. తమ్ముడికి తప్ప ఎవరికీ తెలియదు. అతనితో కూడా ఆ తర్వాత ఎన్నడూ ఎత్తలేదు. ఎప్పటికైనా ఎత్తాలనే అనుకుంది, ఇదుగో అదుగో అనుకుంటుండగానే ఆపరేషన్ అయిపోయింది.

పెంచలయ్య మొదటి వరసలో కూచుని శ్రద్ధగా వినేవాడు. ఇంటికి వెళ్ళే బస్సులో ఆమె పక్కన కూచుని, "బాగుంది అక్కా, తర్వాత ఏమయింది?" అని అడిగేవాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూసేది. ఏడుపొస్తే గాలికి కళ్ళు మండుతున్నాయనేది.

తీర్పు న్యాయంగానే వచ్చింది. సేవాలోపం రుజువైంది. స్టోర్లో ఉన్న మూడింటిలోంచి పెంచలయ్య ఒకదాన్ని గుర్తుపట్టి తీసుకోవాలి, గుర్తుపట్టలేకపోతే ఎంచుకోవాలి, నర్సింగ్ హోము తన ఖర్చుతో దాన్ని తిరిగి అమర్చాలి. మొదటి కేసు మనిషి డబ్బు పుచ్చుకుని రాజీపడి జాడీ జోలికి రానన్నాడు. మూడో కేసు ఏకాంబరమనే రిటైరైన బస్సు కండక్టరుది. అతనికి మిగిలినవాటిలోంచి ఒకటి ఇమ్మన్నారు. గుర్తుపట్టడానికి తాను లోపలికి వస్తానని కామాక్షమ్మ అడిగింది. కమిషన్ ఆ పాయింటును ముందే ఆలోచించింది. ఆ మనిషి అదే వస్తువును ఒకసారి అపెండిక్స్ అనుకుని తల ఊపింది, కాబట్టి ఆమె గుర్తింపు చెల్లదని తీర్పులో ప్రత్యేకంగా ఒక పేరా ఉంది.

అందుకని ఆమె స్టోరు బయట బెంచీ మీద కూచుంది. తలుపు వేసుకుంది. లోపల మూతలు తెరుస్తున్న చప్పుడు వినబడింది. మొదటి జాడీకి వాసన ఏమీ రాలేదు. రెండోదానికి తలుపు కిందినుంచి బొగ్గు పొగ వాసన సన్నగా వచ్చింది. దాని వెనకే గంజి, సన్నజాజి, కుంకుడుకాయ. ఆమె చటుక్కున లేచి నిలబడింది. కాపలా ఉన్న ఆయమ్మతో, అదేనమ్మా, అదే మాది అంది. మీరు గుర్తుపట్టకూడదమ్మా, ఆర్డరు ఉంది, కూచోండి అని ఆయమ్మ నెమ్మదిగా భుజం పట్టి కూచోబెట్టింది. లోపల పెంచలయ్య దగ్గడం వినబడింది. పొగ వాసన పడలేదని చెప్పడమూ వినబడింది. తర్వాత మూడో మూత చప్పుడు. దగ్గు ఆగిపోయింది.

అతను ఎంచుకున్నది సముద్రం ఒడ్డుది. కుట్లు మానేసరికి పెంచలయ్య కొత్త మనిషయ్యాడు. నిట్టూర్పులు తిరిగి వచ్చాయి, రక్తపోటూ వచ్చింది. సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చి వసారాలో కూచుని రామాయపట్నం సంగతులు చెప్పేవాడు. అలలు వెనక్కి పోయినప్పుడు పీతల వెంట పరుగెత్తడం, ఎండుచేపల పందిళ్ళ కింద నిద్రపోవడం, గాలివానకు పడవ ఇంటి ముందుకు కొట్టుకొచ్చిన రోజు. మా అమ్మ పొడుగ్గా ఉండేదక్కా అని చెప్పేవాడు, వల చిక్కులు తీస్తూ పాడేదనేవాడు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. కామాక్షమ్మ కుట్టు మిషను ఆపి వినేది. ఆ తల్లిమీద ఆమెకు కోపం ఏమీ రాలేదు. ఆవిడ కూడా మంచిదే. నెల తిరిగేసరికి అతను ఆదివారాలు రామాయపట్నం పోవడం మొదలుపెట్టాడు. ఆ బాల్యం ఏకాంబరానిది, అక్కడ అతని చెల్లెలుంది. మొదటిరోజు ఆమె తలుపు తియ్యలేదు. రెండోసారి, గాలివానకు కొట్టుకొచ్చిన పడవలో చిన్నప్పుడు ఆమె పోగొట్టుకున్న వెండి మొలతాడు సంగతి ఇతను చెబితే, చేపల పులుసు పెట్టి పంపింది.

అలాంటి ఒక ఆదివారం సాయంత్రం, పెంచలయ్య ఇంకా ఊరినుంచి రాకముందు, కామాక్షమ్మ వాకిట్లోకి ఒకాయన వచ్చాడు. పొట్టిగా, నల్లగా ఉన్నాడు, ఖాకీ చొక్కా తొడిగిన అలవాటు భుజాల్లో కనబడుతోంది. ఏకాంబరమని పేరు చెప్పాడు. బిట్రగుంట వెళ్ళి వచ్చానన్నాడు. షెడ్డులో పిచ్చి కంప మొలిచింది, క్వార్టరుకు పైకప్పు లేదు, సన్నజాజి మొదలు మాత్రం ఉందన్నాడు. ఆమె అతన్ని రమ్మనలేదు, పొమ్మనలేదు. మీరు కూచోండి అంది, ఎవరికైనా అనే మాటే గనక.

అతను స్టూలు వద్దని కింద కూచున్నాడు. అదే సమయానికి గూడ్సు పోతూ హారను కొట్టింది. ఏకాంబరం తల ఒక పక్కకు వంచి విన్నాడు.

"ఇది నాయన కూత కాదు గదక్కా."

కూతల సంగతి ఆమె కమిషన్‌లో మైకులో చెప్పిందే. హాలు నిండా జనం విన్నారు. వచ్చినవాడు వచ్చినట్టు చెప్పొచ్చు. ఆమె లేచి వంటింట్లోకి పోయి, గిన్నెలో నీళ్ళు పోసి ఎసరు పెట్టింది. అతను వాకిట్లోనే కూచుని, ఆమె వీపుతో మాట్లాడినట్టు మెల్లగా అన్నాడు.

"అమ్మ పోయినరోజు గూడా నాయన కూత వేశాడక్కా. ఆయనకింకా తెలవదు. అమ్మని చాప మీద పండబెట్టి ఉండారు, అందరూ ఏడస్తా ఉండారు. నేను పోయి ఎసట్లో బియ్యం పోశా. నువ్వొచ్చి చెంప మీద కొట్టావు, అమ్మ పోతే నీకు అన్నం కావాల్సొచ్చిందా అని. నాకు ఆకలై కాదక్కా. నాయన ఆకలితో వస్తాడని."

కామాక్షమ్మ చేతిలో బియ్యం చాట అలాగే ఉండిపోయింది. నలభై ఏళ్ళు దాటింది ఆ చెంపదెబ్బకు. తమ్ముడి పెళ్ళిలో చెబుదామనుకుంది, అతని భార్య పోయినప్పుడు చెబుదామనుకుంది. ఆపరేషన్ థియేటర్లోకి తీసుకుపోతున్నప్పుడు కూడా అనుకుంది. ఆ మాట చేరాల్సిన చోటు ఇప్పుడు తన తమ్ముడిలో లేదు. ఎవరో బస్సు కండక్టరు కడుపులో, అపెండిక్స్‌కు నాలుగు వేళ్ళ ఎడంలో ఉంది. చెబితే అక్కడే చెప్పాలి. అక్కడ తప్ప ఇంకెక్కడ చెప్పినా అది చేరదు.

"నాకు అప్పుడే తెలుసు లేరా, నువ్వు నాయన కోసం పోశావని. చెయ్యి లేచినాకనే తెలిసింది. చెప్పేదానికి ఇన్నాళ్ళు నోరు రాలేదు."

"నొప్పి లేదులే అక్కా," అన్నాడు ఏకాంబరం చెంప తడుముకుంటూ.

ఆమె వాకిట్లోకి వచ్చి అతన్ని పరిశీలనగా చూసింది, అప్పుడు ట్రేలోకి వంగి చూసినట్టే. ముక్కు వేరు, రంగు వేరు, ఇంటిపేరు వేరు. నేనే గదక్కా అని అతను అడిగాడు. ఆమె తల ఊపింది. లోపలికి పోయి చాటలో బియ్యంతో పాటు ఇంకో రెండు గుప్పెళ్ళు ఎసట్లో పోసింది.

అన్నాలవేళకు పెంచలయ్య రామాయపట్నం బస్సు దిగి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని, వచ్చినాయనకు నమస్కారం పెట్టి పక్కన కూచున్నాడు. ముగ్గురూ తిన్నారు. ఏకాంబరమూ కామాక్షమ్మా ఒకరి మాట ఒకరు అందుకుంటూ బూడిద కుప్పల సంగతీ, మసి చుక్కల చీర సంగతీ, కుంకుడు పులుసు కళ్ళల్లో పడి వీధంతా పరుగెత్తిన సంగతీ చెప్పుకుని నవ్వుకున్నారు. ఆమె అలా నవ్వి చాలా కాలమైంది. పెంచలయ్య ముద్ద చేతిలోనే పట్టుకుని విన్నాడు. అతనికి కథలంటే ఇష్టం.

కమిషన్‌వాళ్ళు ఆ నెలలోనే ఫైళ్ళు రెండూ మూసేశారు. ఇరుపక్షాలూ తృప్తి చెందినట్టు రాసుకున్నారు, అందులో అబద్ధం కూడా ఏమీ లేదు. కామాక్షమ్మ ఈ తమ్ముడికి మజ్జిగ పోసి, ఆ తమ్ముడికి మజ్జిగ పోసి, గిన్నె కింద పెట్టింది. పెంచలయ్య చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ ఆమెవైపు చూసి ఎంతో ఆప్యాయంగా అన్నాడు.

"మీ అమ్మ చాలా మంచి మనిషక్కా."

ఆమె తల ఊపింది.